సూది దిగిన చోట

మిరపకోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. తెల్లవారకముందే కల్లాల మీది ఘాటు ఊళ్ళోకి పాకి, నిద్రలోనే మనుషుల చేత తుమ్మించేది. కోటిరత్నం కూడా తుమ్ముతూనే లేచింది. ముఖం కడుక్కుని, జుట్టు ముడేసుకుని, అలవాటు ప్రకారం నేరుగా గొడ్లపాకలోకి నడిచింది. దేవుడికి దణ్ణం ఆ తరవాత. ముందు నల్లమ్మ.

నల్లమ్మ అంటే గేదె. ఆ ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క పశువు. కోటిరత్నం దాని నుదురు గోకి, గొంతు కింద నిమిరి, మెడ మీదకి చెయ్యి పోనిచ్చి ఠక్కున ఆగిపోయింది. చర్మం కింద నిమ్మకాయంత గట్టిగా, వేడిగా ఏదో తగిలింది. నొక్కితే నల్లమ్మ తల విదిలించింది. ఆ పక్కనే పోయిన నెల కోయించిన గడ్డ తాలూకు మచ్చ ఇంకా వెంట్రుకలు మొలవక నున్నగా ఉంది. దానికి బెత్తెడు పైన, అంతకుముందు కోయించిన దాని మచ్చ.

"ఏమయ్యోయ్! మళ్ళీ లేచింది!"

బుల్లయ్య వేపపుల్ల నములుతూ వచ్చాడు. "ఏంటి లేచింది?"

"నా తలకాయ లేచింది. గడ్డయ్యా, గడ్డ! ఇదిగో, ఇక్కడ."

అతను వేలితో తడిమి, పుల్ల పక్కకి ఉమ్మాడు. "ఇది గేదేనా, గడ్డల చెట్టా? ఒకటి కోస్తే ఒకటి కాస్తోంది. ఎన్నాళ్ళు సాకుతావే దీన్ని?"

"నిన్ను సాకట్లా?" అని వెనక్కి తిరిగింది కోటిరత్నం. పాకగుమ్మంలో కోడలు నాగమణి పాలచెంబు పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమే, నిన్న సాయంత్రం పాలు పిండినప్పుడు కనపడలా?"

"మసకచీకటి పడింది అత్తయ్యా."

"పొదుగు కనపడింది గదా, అంత మెడ కనపడలా?"

నాగమణి చెంబు దించి తవుడు కలపడానికి వెళ్ళింది. ఈ మధ్య ఆ పిల్ల దేనికీ జవాబు చెప్పడం లేదు.

రెండేళ్ళుగా వానల్లేవు. బోరు బురద కక్కుతోంది. ఉన్న రెండెకరాల్లో ఒక ఎకరం పత్తి ఎండిపోతే పీకేశారు, రెండో ఎకరంలో మిరప పావలా వంతు చేతికొచ్చింది. కొడుకు శేషగిరి దాచేపల్లి వెళ్ళి సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు మోస్తున్నాడు. ఎప్పుడన్నా ఒక ఆదివారం వచ్చి, తల్లో తెల్లటి దుమ్ముతో ఒక పూట నిద్రపోయి వెళ్ళిపోతాడు. ఈ ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే పాలకేంద్రానికి పోసే నల్లమ్మ పాలవల్లే.

ఆ పాలు కూడా కార్తీకమాసంలోనే పోవాల్సినవి. ఈనిన నెలకే దూడ నెత్తురు విరేచనాలతో చచ్చిపోయింది. దూడ లేనిదే నల్లమ్మ చేపదు, పాలు దించదు. పొదుగు రాయిలా బిగిసిపోయి, చెయ్యి వేస్తే తన్నేది. కోటిరత్నం పెద్దల కాలంనాటి ఉపాయం చేసింది. దూడ తోలు ఒలిపించి, ఉప్పు రాసి ఎండబెట్టించి, లోపల వరిగడ్డి కూరి కుట్టించింది. ఆ గడ్డిదూడని ముందు నిలబెడితే నల్లమ్మ వాసన చూసింది, నాకింది, గొంతులోంచి సన్నగా మూలిగింది, పాలు విడిచింది. కోటిరత్నం వీధివీధంతా చెప్పుకుంది. తరవాత కొన్నాళ్ళకి నాగమణి, "ఇక దూడ అక్కర్లేదు అత్తయ్యా, తవుడు పెడితే చేపుతోంది" అంది. ఆ గడ్డిదూడ అటకెక్కింది. గేదె అలవాటు పడిందనుకున్నారు అంతా.

పాలు పిండేటప్పుడు పక్కన ఎవరూ ఉండకూడదన్నది కోటిరత్నం పెట్టిన నియమమే. పొదుగు మీద కళ్ళు పడితే దిష్టి. తన కళ్ళయినా సరే. ఆమెకి వేళ్ళు కొంకర్లు పోయి పిండటం మానేసినప్పటి నుంచీ ఆ రెండు వేళలా పాకలో నాగమణి, నల్లమ్మ తప్ప మూడో ప్రాణి ఉండేది కాదు.

ఆ వారమంతా అత్తాకోడళ్ళిద్దరూ వంతులేసుకుని గడ్డకి కాపడం పెట్టారు. వేపాకు వేసి మరిగించిన నీళ్ళలో ఉప్పేసి, గుడ్డ ముంచి పిండి, మెడ మీద వేసి అదమడం. చల్లారితే మళ్ళీ ముంచడం. నాగమణి కాపడం పెడుతుంటే నల్లమ్మ కదలకుండా నిలబడేది. ఒకరోజు కోటిరత్నం పేడ ఎత్తుతూ చూసింది. కోడలు గేదె మెడకి చెంప ఆనించి కళ్ళు మూసుకుని ఉంది. బుగ్గలు తడి. వేడినీళ్ళ ఆవిరేమోలే అనుకుని గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆవిరి కాదని ఆమెకి తెలుసు. పోయిన ఎండాకాలం ఆ ఇంట్లో ఇంకో నష్టం జరిగింది. పెళ్ళయిన ఆరో ఏట నాగమణికి నెలలు నిండి, నరసరావుపేట ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టి, గంట తిరక్కుండా పోయింది. మూడో రోజున నాగమణికి పాలు పొంగుకొచ్చాయి. కోటిరత్నమే మూరలకి మూరలు మల్లెపూలు తెచ్చి, పాలు ఇంకిపోవాలని గుండెలకి కట్టింది. ఇంకిపోయాయి. పాలతోపాటు ఆ దుఃఖమూ ఇంకిపోయిందనే అనుకుంది. తన కాలంలో తను ఇద్దరిని అలా పోగొట్టుకుని, మర్నాడే కలుపుకి వెళ్ళిన మనిషి.

గడ్డ మెత్తబడ్డాక పశువుల ఆసుపత్రి కాంపౌండరు హయాత్ మోపెడ్ మీద వచ్చాడు. వేలితో నొక్కి చూశాడు. నొక్కిన చోట సొట్ట పడి నెమ్మదిగా పైకి లేచింది.

"పండింది పెద్దమ్మా. మావయ్యని ముక్కుతాడు పట్టుకోమను. నాగమణక్కా, బేసిన్ కాస్త కిందగా పట్టు."

వెంట్రుకలు గొరిగి, టింక్చర్ పూసి, గడ్డకి అడుగువైపు బ్లేడుతో ఒక్క గాటు పెట్టాడు. పచ్చటి చీము, వెనకనే నెత్తుటి చార బేసిన్‌లో పడ్డాయి. ఆ వాసనకి బుల్లయ్య కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. హయాత్ లోపలంతా ఊదారంగు నీళ్ళతో కడిగి, మందులో ముంచిన గాజుగుడ్డని పొడవుగా లోపలికి దోపి, కొస బయటికి వదిలాడు.

"రోజూ ఇది తీసి కొత్తది పెట్టాలి. పైన తొందరగా మూతపడనివ్వకండి. లోపల్నుంచి మానుకుంటూ రావాలి. లేకపోతే అడుగున చీము మిగిలిపోయి మళ్ళీ లేస్తుంది."

"ఇంతకుముందూ ఇదే చెప్పావు. మళ్ళీ లేవలా?" అంది కోటిరత్నం.

"అది పాత చోట కాదు, కొత్త చోట లేచింది." హయాత్ చేతులు కడుక్కున్నాడు. "ఒకటడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ముల్లు గుచ్చుకుంటే ఒక్కసారి వస్తుంది. ఇన్నిసార్లు, ఒకే పక్కన, వరసగా... దీనికి ఎవరన్నా సూదులు పొడుస్తున్నారా?"

"పొడిచేది నువ్వేగా!"

"నేను చేసింది ప్రతిసారీ తొడకి పెద్దమ్మా. మెడకి కాదు."

"అంటే? మేం పొడుచుకుంటున్నామా మా గొడ్డుని? ఏ గొడ్డుకి పొడిచిన సూది తెచ్చి దీనికి పొడిచావో ఎవరికెరుక! గడ్డ లేస్తేనే గదా నీకు మళ్ళీ పిలుపొచ్చేది!"

"రత్నం!" అన్నాడు బుల్లయ్య.

"ఏం, ఉన్నమాటంటే ఉలుకా? ఇన్నాళ్ళూ మంచివాడనుకున్నా."

హయాత్ ముఖం ఎర్రబడింది. సంచీ సర్దుకున్నాడు. పోతూ పోతూ మిగిలిన గాజుగుడ్డ చుట్టా, మందుసీసా గోడ మీద పెట్టి వెళ్ళాడు. తిట్టిన ఇంట్లో కూడా గేదెకి రేపు కట్టు మార్చాలని అతనికి గుర్తుంది. ఆ పూట కోటిరత్నం అది గమనించే స్థితిలో లేదు. నాగమణి చేతిలోని బేసిన్ ఒరిగి, ఊదారంగు నీళ్ళు పాదాల మీద ఒలికాయి.

"సరిగ్గా పట్టుకోలేవూ?" అని కసిరింది.

ఆ గాటు ఇంకా మానకముందే ఇంకోటి లేచింది. ఈసారి బుల్లయ్య ఎవరితోనూ మాట్లాడలేదు. చొక్కా తొడుక్కుని చిలకలూరిపేట బస్సెక్కి, గొడ్ల బేరగాడు వీరాస్వామికి కబురు చెప్పి వచ్చాడు.

"అమ్మేస్తావా?" అంది కోటిరత్నం.

"ఏం చెయ్యమంటావే? ఒళ్ళంతా విషం పాకి ఏదో ఒకరోజు పాకలో పడి చస్తే, లాగి అవతల పారెయ్యడానికి మనుషుల్ని వెతుక్కోవాలి. నిలబడి ఉన్నప్పుడే పంపిద్దాం."

"పాడికే అడుగుతాడా?"

బుల్లయ్య కండువా దులుపుకున్నాడు. "గడ్డల గేదెని పాడికి ఎవడు కొంటాడు? కోతకే."

కోటిరత్నం దుఃఖానికి ఎవరో ఒకరు దొరకాలి. పొయ్యి దగ్గర నాగమణి దొరికింది.

"నా చేతుల్లో ఉన్నన్నాళ్ళూ దానికి ఈగ వాలలేదు. నీకప్పజెప్పా, పుచ్చిపోయింది. నీ చేతిలో ఏదీ బతకదే!"

అన్నాక తెలిసింది తను ఏమన్నదో. నాగమణి పొయ్యిలో పుల్ల ఎగదోస్తున్నదల్లా ఆ పుల్లని అలాగే పట్టుకుని ఉండిపోయింది. మంట వేళ్ళ దాకా వచ్చింది. అప్పుడు వదిలింది. ఆ పూట అన్నం తినలేదు. కోటిరత్నం కూడా తినలేదు.

వీరాస్వామి ట్రాలీ ఆటో తోలించుకుని పొద్దెక్కాక వచ్చాడు. గేదె చుట్టూ తిరిగి, తోక ఎత్తి, నోరు తెరిపించి చూసి, నాలుక చప్పరించాడు.

"ఒళ్ళుంది గానీ బుల్లయ్యన్నా, మెడంతా కుళ్ళే. ఆ మేరకి కోసి అవతలెయ్యాల్సిందే."

"బతికున్నదాని ముందు అలాంటి మాటలేంటయ్యా?" అంది కోటిరత్నం.

"దానికేమన్నా తెలుగొచ్చా అత్తా?" అని నవ్వాడు వీరాస్వామి. ఎవరూ నవ్వకపోయేసరికి పలుపు విప్పడానికి వంగాడు.

కోటిరత్నం పసుపూ కుంకుమా తెచ్చి నల్లమ్మ నుదుట పెట్టబోయింది. గేదె ఆ చేతిని వాసన చూసి, తవుడు లేదని తెలిసి కూడా నాకింది.

"మావయ్యా, ఆగండి."

నాగమణి పాకలోకి వెళ్ళింది. పైకి చెయ్యి చాచి, చూరులో దోపి ఉన్నదేదో లాగి తెచ్చింది. గడ్డిపరకలంటుకున్న ఇంజక్షన్ సిరంజి. సూది మొదలు తుప్పు పట్టి ఉంది.

"దాన్ని అమ్మొద్దు. అది దాని రోగం కాదు. నేను చేశాను."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందుగా అర్థమైంది వీరాస్వామికి. "ఓహో... పాలసూది! పేటలో కొట్లో అమ్ముతారు. పొడిస్తే దూడ లేకపోయినా చేపేస్తుంది." ఆ సిరంజిని చూసి, "రోజూ ఈ సూదేనామ్మా? మరిగించకుండా? గడ్డలు రాక పువ్వులు పూస్తాయా!" అన్నాడు.

"నీళ్ళతో కడిగేదాన్ని. కడిగితే చాలనుకున్నాను" అంది నాగమణి. "హయాత్ అడిగినప్పుడు తెలిసింది. ఆ రోజే చెప్పాల్సింది. నోరు రాలేదు."

కోటిరత్నం చేతిలోని కుంకుమ కింద పడిపోయింది. "తెలిసి కూడా మళ్ళీ పొడిచావా? ఈ కొత్త గడ్డ..."

"పొడిచాను."

"అమ్మ దొంగముండా! మూగదాని మీద! ఆ అబ్బాయిని నానా మాటలూ అన్నానే! ఎందుకు, ఇంకో గిద్దెడు పాలకా? నా గడ్డిదూడతో బాగానే ఇచ్చేది గదే!" చెయ్యి లేచింది. నాగమణి తప్పుకోలేదు.

"పాల కోసం కాదు అత్తయ్యా. ఆ గడ్డిదూడని దాని ముందు పెట్టలేకపోయాను."

లేచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"పొద్దునా సాయంత్రం నాకేది. ఒళ్ళంతా నాకేది. లోపల గడ్డేనని దానికి తెలీదంటారా? తెలిసే నాకేదేమో. మూలుగుతూ నాకుతూ పాలు వదిలేసేది. ఆ పాలు నా చేతుల్లో పడుతుంటే..." నాగమణి ఊపిరి తీసుకుంది. "మీరు మల్లెపూలు కట్టిన రోజుల్లో నా రవికలు ఎట్లా తడిసేవో మీకు తెలుసు. నాకు అదే గుర్తొచ్చేది. దాన్ని అట్లా మోసం చేసి పిండుకోవడం నా వల్ల కాలేదు. సూదయితే కాసేపు నొప్పి, అంతే అనుకున్నా."

"పిచ్చిదానా, ఆ ముక్క నాకు చెప్పొచ్చు గదే!"

"ఎవరికి చెప్పను? ఏడిస్తే ఒంటికి మంచిది కాదన్నారు. ఆ బిడ్డ పేరెత్తితే, పేరేంటి, పేరు పెట్టకముందే పోయిందిగా అన్నారు." ఆమె గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండుననిపించింది కోటిరత్నానికి. "చచ్చిన దూడని సాయంత్రం దాకా నల్లమ్మ ముందే ఉంచారు. వాసన చూడనీ పాపం, దాని బిడ్డని అది చూసుకోనీ అని మీరే అన్నారు. నేను ఇక్కడే నిలబడి విన్నాను. నాకెందుకు చూపించలేదు అత్తయ్యా? మత్తు దిగి కళ్ళు తెరిచేసరికి నా బిడ్డని ఎత్తుకుపోయారు. దాని మొహం ఎట్లా ఉంటుందో నాకు తెలీదు."

ఎత్తిన చెయ్యి కిందికి దిగింది. పోయిన పసికందు మొహం తల్లికి చూపించకూడదని, చూస్తే ఆ దిగులు కడుపుకి అంటుకుని మళ్ళీ కాన్పు నిలవదని పెద్దవాళ్ళు చెప్పారు. తన ఇద్దరినీ తనకీ చూపించలేదు. అప్పుడు తనకి కోపం వచ్చిందా? వచ్చే ఉంటుంది. కలుపుతీతలో, వరినాట్లలో, ఎక్కడో ఆ కోపాన్ని కప్పెట్టేసింది. ఎక్కడ కప్పెట్టిందో కూడా గుర్తులేదు.

వీరాస్వామి పలుపు పట్టుకుని అటూ ఇటూ చూశాడు. "నే మళ్ళీ వస్తాలే బుల్లయ్యన్నా..."

"రావద్దు," అంది కోటిరత్నం. "ఆ తాడు ఇటియ్యి."

ఆ మధ్యాహ్నమే ఆమె గోంగూర కట్ట ఒకటి కొంగున పెట్టుకుని పశువుల ఆసుపత్రికి నడిచి వెళ్ళింది. హయాత్ ఎవరిదో ఎద్దు గిట్ట చూస్తున్నాడు. పని అయ్యేదాకా ఎండలోనే నిలబడింది.

"హయాతూ, నిన్ను అనరాని మాటలన్నాను."

"అన్నారు పెద్దమ్మా. అయినా మా అమ్మ అనేవాటికంటే తక్కువే" అన్నాడతను. కట్ట అందుకున్నాడు. కోడలి సంగతి అంతా విన్నాడు. "ఆ సూది పడెయ్యండి. ఉన్న గడ్డ నేనొచ్చి కోస్తాను. ఇక లేవవు. కానీ చేపడం మాత్రం నేను చెప్పలేను. కొన్ని గేదెలు మనిషికి అలవాటు పడతాయి. కొన్ని పడవు."

నల్లమ్మ పడలేదు. అటక మీది గడ్డిదూడని మాత్రం కోటిరత్నం కిందికి దించనివ్వలేదు. అత్తాకోడళ్ళిద్దరూ కూర్చుని పొదుగు వేడినీళ్ళతో తుడిచి, నిమిరి, తవుడూ చెక్కా పెట్టి బతిమాలితే ఒక రోజు చెంబు అడుగు తడిసేది, ఒక రోజు అదీ లేదు. నెల తిరిగేసరికి వట్టిపోయింది. పాలకేంద్రానికి వెళ్ళే దారి మరిచిపోయారు. టీ తాగడం మానేశారు. కోటిరత్నం, నాగమణి ఇద్దరూ వేరేవాళ్ళ కల్లాల్లో మిరపకాయలు ఏరడానికి వెళ్ళారు. చేతులు భగ్గున మండుతూ ఇంటికొచ్చేవాళ్ళు. చూలు కట్టించినా మళ్ళీ ఈనేదాకా గడవాలి. గేదె మెడ మీద మాత్రం కొత్తగా ఏదీ లేవలేదు.

చివరిసారి కోసిన గాయం లోతుది. రోజూ పొద్దున్నే, పనికి పోకముందు, కోటిరత్నం గాజుగుడ్డ లాగితే నాగమణి నీళ్ళు పోసేది. ప్రతిరోజూ కోటిరత్నానికి ఒక మాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది. ఒకరోజు గుడ్డకి చీము కాకుండా ఎర్రటి పచ్చినెత్తురు అంటింది. అడుగున కొత్త కండ పడుతోందన్నమాట. కోటిరత్నం దాన్నే చూస్తూ అంది:

"జుట్టు ఒత్తుగా ఉంది."

నాగమణి చెంబు ఆగిపోయింది.

"నుదుటి మీదకి పడుతుంటే నేనే పక్కకి తోశాను. నుదురు నీదే, ఇదిగో, ఇంత వెడల్పు. ముక్కు ఎవరిదో తెలీలా. కింది పెదవి మాత్రం మావాడిదే. లోపలికి మడిచి, అలిగినట్టు..."

"రంగు?"

"చామనచాయ. చెవులు గులాబీగా ఉన్నాయి. చెవుల్ని బట్టి ఎర్రగా తేలుతుందని..." కోటిరత్నం మింగింది. "నర్సుతో అన్నాను. అప్పటికింకా ఊపిరుంది. నా వేలు పట్టుకుంది నాగమణీ. నీకు చూపించాల్సింది. నాకు ఎవరూ చూపించలా, అందుకని నాకూ తెలీలా."

గుమ్మంలో చొప్పమోపుతో బుల్లయ్య నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. మోపు దించి, దాని మీదే కూలబడ్డాడు.

"బరువుగా ఉందమ్మా" అన్నాడు. ఆ విషయం అతను నోరెత్తడం అదే మొదలు. "గుడ్డలో చుట్టిచ్చారు. పసిపిల్లే గదా, ఎంతుంటుందిలే అనుకున్నా. వాగు దాటేసరికి చెయ్యి మార్చుకోవాల్సొచ్చింది. నిండు బిడ్డేనమ్మా. నువ్వు బాగానే మోశావు. నీ తప్పేం లేదు."

అప్పుడు ఏడ్చింది నాగమణి. పోయిన ఎండాకాలం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిన ఏడుపు కాదు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసే ఏడుపు. నల్లమ్మ చెవులు నిక్కించింది. ఊరుకో అని కోటిరత్నం అనలేదు. బుల్లయ్య కండువాలో ముఖం దాచుకున్నాడు.

చాలాసేపటికి నాగమణి వెక్కుతూ అడిగింది. "మళ్ళీ చెప్పండి అత్తయ్యా. మొదట్నుంచీ."

అవతల కల్లానికి పోయేవాళ్ళు కేకేస్తున్నారు. కోటిరత్నం వినిపించుకోలేదు. చేతులు కడుక్కుని, కోడలి పక్కన ఆ నేల మీదే చతికిలబడి, మొదట్నుంచీ చెప్పింది.